రామగిరి మందు, మెదడు గోడ

సెంటినరీ కాలనీలో నిలబడి చూస్తే ఒక వైపు ఓపెన్‌కాస్టు గనులు తవ్విపోసిన మట్టిగుట్టలు, ఇంకో వైపు రామగిరి ఖిల్లా కనిపిస్తాయి. మొదటిది సింగరేణి అన్నం పెట్టే చోటు. రెండోది ఆయుర్వేద విద్యార్థులు మూలికలు గుర్తుపట్టడం నేర్చుకోడానికి ఎక్కే కొండ. పెద్దపల్లి జిల్లాలో పెద్ద జబ్బు ఏది వచ్చినా మాట చివరికి ఆ కొండ మీదికే పోతుంది.

కొన్నాళ్ల కిందట గోదావరిఖనిలో మాకు తెలిసిన ఇంట్లో గని కార్మికుడికి ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి. స్కానింగులో తలలో గడ్డ కనిపించింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత వచ్చిన రిపోర్టులో రెండే మాటలు: గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4. ఆరు వారాలు రేడియేషన్ ఇవ్వాలన్నారు. బావమరిది అడ్డం పడ్డాడు. "కరెంటు పెడితే మనిషి ఉంటడా బావా? రామగిరి పసరు తెస్త, నలభై రోజులు తాగు" అన్నాడు. ఇంటావిడ నన్ను పక్కకు పిలిచి అడిగింది: "అన్నా, మొక్కల మందుతోటి ఇది తగ్గుతదా?"

ఈ ప్రశ్నకు అవుననడం మోసం. మొక్కల్లో ఏమీ లేదని కొట్టిపారేయడం అజ్ఞానం. నిజం ఏమిటో చెప్పాలంటే కాస్త దూరం నడవాలి.

ముందు జబ్బు సంగతి. గ్రేడ్ 4 అంటే స్టేజీ 4 అనుకుని చాలా కుటుంబాలు అక్కడే కుప్పకూలిపోతాయి. రెండూ ఒకటి కాదు. ఒళ్లంతా పాకిందని గ్రేడు చెప్పదు. కణాలు ఎంత దుడుకుగా పెరుగుతున్నాయో చెబుతుంది. గ్లయోబ్లాస్టోమా మెదడు దాటి బయటికి పోవడం అరుదు. కానీ లోపల్లోపల గరికవేరులా పాకుతుంది. సర్జను కంటికి కనిపించిన గడ్డ మొత్తం తీసేసినా చుట్టూ మంచి మెదడులో కొన్ని కణాలు మిగిలే ఉంటాయి. అవే మళ్లీ మొలుస్తాయి. 2005లో రోజర్ స్టుప్ బృందం 573 మంది రోగుల మీద చేసిన అధ్యయనం నేటి చికిత్సకు పునాది. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో సగం మంది 12.1 నెలలు దాటి బతికితే, దానికి టెమోజోలమైడ్ మాత్ర కలిపి తీసుకున్నవాళ్లలో సగం మంది 14.6 నెలలు దాటారు. రెండున్నర నెలలేనా అనిపిస్తుంది. కానీ రెండేళ్లు దాటినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. ఆ తర్వాత ఎన్నో మందులు వచ్చి వెనక్కిపోయాయి. ఈ మాత్ర నిలిచింది. ఇప్పుడు దాన్ని మన హైదరాబాద్‌లోని నాట్కో కంపెనీ కూడా తయారుచేస్తోంది. ఇది మొక్క నుంచి వచ్చింది కాదు, ఇంగ్లండులో రసాయన శాస్త్రవేత్తలు కట్టిన అణువు.

మరి మొక్కలు? క్యాన్సర్ వైద్యంలో వాటి వాటా చిన్నదేమీ కాదు. గోదావరిఖని క్వార్టర్ల ముందు నీళ్లు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరునే తీసుకుందాం. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దీన్ని షుగరు మందు కోసం పరీక్షించారు. షుగరు తగ్గలేదు. రసం ఎక్కించిన ఎలుకల్లో తెల్లరక్తకణాలు పడిపోయి, అవి ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఆ చావుల వెనక కారణం వెతికితే విన్‌బ్లాస్టిన్ బయటపడింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో అనుమతి పొందింది. రక్త క్యాన్సర్ వచ్చిన పసిపిల్లలు ఇవాళ బతికి బట్టకడుతున్నారంటే అందులో ఈ పువ్వుకీ పాలుంది. అయితే టన్ను ఎండుటాకులు ఆడిస్తే దక్కే విన్‌క్రిస్టిన్ కొద్ది గ్రాములే. దాన్ని మిల్లీగ్రాముల లెక్కన నరంలోకే ఎక్కించాలి. లెక్క తప్పితే కాళ్లూచేతులు తిమ్మిరెక్కి నడక పోతుంది. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణమే పోతుంది. అదే ఆకును రోట్లో నూరి తాగించేవాడికి అందులో మందు ఎంతుందో, విషం ఎంతుందో తెలిసే వీలు లేదు.

మెదడు గడ్డల్లోనూ బిళ్ళగన్నేరు చరిత్ర ఉంది. ఆలిగోడెండ్రోగ్లయోమా అనే గడ్డకు ప్రోకార్బజిన్, లోముస్టిన్, విన్‌క్రిస్టిన్ మూడూ కలిపి ఇస్తారు. 2013లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, క్రోమోజోముల్లో ఒక ప్రత్యేకమైన లోపం ఉన్న రోగులకు రేడియేషన్ ఒక్కటే ఇస్తే సగం మంది 7.3 ఏళ్లు దాటారు, ఈ మూడు మందులూ కలిపితే 14.7 ఏళ్లు దాటారు. ఆయుష్షు రెండింతలైంది. అయినా ఆ మూడింటిలో విన్‌క్రిస్టిన్ చేసిన మేలు ఎంత అని నిపుణులే సందేహిస్తున్నారు. ఎందుకంటే అది మెదడులోకి సరిగా పోదు.

ఈ సమస్య అంతటికీ అసలు ముడి ఇక్కడుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. ఒళ్లంతా రంగు పట్టింది, మెదడుకు పట్టలేదు. మెదడు రక్తనాళాల లోపలి కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. ఎలాగో దూరిన అణువును పట్టి మళ్లీ రక్తంలోకి తోసేసే పంపులూ ఆ కణాల్లో ఉంటాయి. గనిలో ఊటనీళ్లు ఊరుతుంటే పంపులు రాత్రీపగలూ తోడిపోస్తాయి చూడండి, అలాగ. పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన టాక్సాల్ రొమ్ము, అండాశయ క్యాన్సర్లలో ఎంతో పనిచేసింది. మెదడు దగ్గరికొచ్చేసరికి ఆ పంపు దాన్ని తోసేసింది. గడ్డ నడిమధ్యలో ఈ గోడ కొంత చిల్లులు పడినా, గరికవేరులా పాకిన కణాల దగ్గర గట్టిగానే ఉంటుంది. మందు చేరవలసింది ఆ కణాలకే.

షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆడమ్ సోనబెండ్ బృందం పుర్రెలో చిన్న అల్ట్రాసౌండ్ పరికరం అమర్చి, ఆ గోడను కాసేపు తెరిచి, ప్యాక్లిటాక్సెల్‌ను లోపలికి పంపింది. టాక్సాల్‌కు జెనరిక్ పేరు అదే. 17 మంది రోగులతో చేసిన ఆ తొలిదశ ప్రయోగ ఫలితాలు 2023లో వచ్చాయి. మెదడు కణజాలంలో మందు సుమారు 3.7 రెట్లు పెరిగింది. గోడ గంటలోపే చాలావరకు మూసుకుంది. మొక్కల మందులకు భవిష్యత్తు ఏదైనా ఉంటే ఇటువంటి దారుల్లోనే ఉంటుందని నా నమ్మకం.

తెలుగువాడి ప్రస్తావన ఇక్కడ తప్పనిసరి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం మీద పరిశోధన నడిపించాడు. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిగా తీసి ఆ పేరు పెట్టారు. సుబ్బారావు బృందం ఆ ఆకు విటమిన్‌కు కవలలా కనిపిస్తూ కణాన్ని ఏమార్చే అణువులను తయారుచేసింది. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అవే. మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో ఇస్తే మెదడు గోడ దాటుతుంది. మెదడులోనే పుట్టే లింఫోమా అనే ఉగ్రమైన క్యాన్సర్‌కు నేటికీ అదే ప్రధాన మందు. ఆయుర్వేద కళాశాల గదిలోంచి నడిచిన మనిషి అక్కడికి చేరింది ఆకును నమ్మి కాదు, ఆకు చేసే పనిని అర్థం చేసుకుని.

ఇక పసుపు. మనకు నిజామాబాద్, మెట్‌పల్లి, జగిత్యాల పక్కనే ఉన్నాయి. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా నిజామాబాద్‌కే వచ్చింది. పసుపు మీద పరిశోధనలోనూ మనవాళ్లు ముందున్నారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి తదితరులు 16 మంది పొగతాగేవాళ్లకు రోజుకు గ్రామున్నర పసుపు 30 రోజులు ఇచ్చి, మూత్రంలో జన్యువులను చెడగొట్టే పదార్థాలు తగ్గాయని 1992లో చూపించారు. నిజాయితీ గల చిన్న అధ్యయనం అది. క్యాన్సర్ నయమవుతుందని వాళ్లు అనలేదు.

అన్నది తర్వాతివాళ్లు. పసుపులో నూటికి మూడు పాళ్లు ఉండే కర్క్యుమిన్ మీద వేల పత్రాలు వచ్చాయి. గాజు పాత్రలో గ్లయోబ్లాస్టోమా కణాల మీద పోస్తే అవి చస్తున్నాయని ఎన్నో బృందాలు రాశాయి. నిజమే, చస్తాయి. కానీ ఆ పాత్రలో పోసిన గాఢత మనిషి మెదడులో ఎప్పుడైనా కనిపించిందా? జర్మనీలో ఆపరేషన్‌కు సిద్ధమైన 13 మంది గ్లయోబ్లాస్టోమా రోగులకు, సులువుగా ఒంటికి పట్టేలా తయారుచేసిన కర్క్యుమిన్‌ను నాలుగు రోజులు ఇచ్చి, తీసిన గడ్డలో వెతికారు. 2016లో ప్రచురించారు. గడ్డలో కర్క్యుమిన్ ఉంది. అది సంతోషించాల్సిన సంగతే. ఎంత ఉందంటే, గాజు పాత్రల్లో కణాలను చంపిన మోతాదుకు ఏ మూలకూ చాలనంత. 2017లో మిన్నెసోటా రసాయన శాస్త్రవేత్తలు కర్క్యుమిన్ మీద జరిగిన 120కి పైగా క్లినికల్ ట్రయల్స్‌ను దృష్టిలో పెట్టుకుని, కట్టుదిట్టంగా జరిగిన ఏ ట్రయల్‌లోనూ అది నెగ్గలేదని తేల్చారు. ఈ రంగంలో పేరుమోసిన ఒక పరిశోధకుడి పత్రాలను జర్నళ్లు పెద్ద సంఖ్యలో వెనక్కి తీసుకున్నాయి కూడా.

గాజు పాత్ర గురించి ఇంకో మాట. మొక్కల మందుల పత్రాల్లో ఎక్కువగా కనిపించే పేరు యూ87. 1960లలో స్వీడన్‌లోని ఉప్సలలో ఒక రోగి గడ్డ నుంచి పెంచిన కణాలుగా ప్రపంచం దాన్ని వాడింది. 2016లో అదే ఉప్సల శాస్త్రవేత్తలు దాచిపెట్టిన పాత కణజాలంతో డీఎన్‌ఏ పోల్చి చూస్తే, మార్కెట్లో అమ్ముతున్న యూ87 ఆ రోగిది కాదని తేలింది. మెదడు గడ్డదే అయి ఉండవచ్చు, కానీ ఎవరిదో తెలియదు. గాజు పాత్రలో నెగ్గినంత మాత్రాన రోగికి మందు దొరికినట్టు కాదు. మన బొగ్గుగనుల భాషలో చెప్పాలంటే, బోరు వేసినప్పుడు బొగ్గుపొర తగలడం వేరు, సైడింగ్‌లో వ్యాగన్ నిండడం వేరు. వేపలోని నింబోలైడ్ (2014లో సిన్సినాటి శాస్త్రవేత్తలు ఎలుకల్లో గ్లయోబ్లాస్టోమా పెరుగుదలను తగ్గించిందని చూపారు), అశ్వగంధలోని విథఫెరిన్-ఎ, తేయాకులోని ఈజీసీజీ ఇంకా బోరు దశలోనే ఉన్నాయి. వాటి మీద పని ఆపకూడదు. వాటిని రోగికి అమ్మకూడదు.

పత్తి సంగతి ఇంకా ఆసక్తికరం. జమ్మికుంట మార్కెట్‌కు పత్తి తోలే రైతుకు తెలుసు, పత్తిగింజల చెక్క పశువుకు పెట్టొచ్చు గాని కోడికి పనికిరాదని. దానికి కారణం గాసిపాల్ అనే పసుపుపచ్చ విషం. నూనెను శుద్ధి చేసేటప్పుడు దాన్నే తీసేస్తారు. చైనా పల్లెల్లో శుద్ధి చేయని పత్తినూనె తిన్న మగవాళ్లకు పిల్లలు పుట్టకపోవడంతో ఈ పదార్థం వెలుగులోకి వచ్చింది. 1999లో అమెరికా వైద్యులు గడ్డ మళ్లీ పెరిగిన 27 మంది మెదడు క్యాన్సర్ రోగులకు గాసిపాల్ మాత్రలు ఇచ్చారు. ఇద్దరిలో గడ్డ కొంత తగ్గింది. నలుగురిలో ఎనిమిది వారాలో అంతకన్నా ఎక్కువో పెరగకుండా ఆగింది. ఆ దారి తర్వాత పెద్దగా ముందుకు సాగలేదు. పత్తి చేనులో పుట్టి నిజంగా మనిషి దాకా, అదీ ఈ జబ్బుతో ఉన్న మనిషి దాకా వచ్చిన అణువు ఇది. ఫలితం మాత్రం ఇంతే.

ఇప్పటిదాకా చూసినవాటిలో నాకు గట్టిగా కనిపించింది అందుగ చెట్టు. మన పొడి అడవుల్లో గుట్టల మీద పెరుగుతుంది. సంస్కృతంలో శల్లకి. బెరడు గీస్తే కారే బంకను ధూపం వేస్తారు. కీళ్లనొప్పులకు దీని సారం తయారుచేసి దేశదేశాలకు అమ్మే కంపెనీ విజయవాడలోనే ఉంది. మెదడు గడ్డ ఉన్నవాళ్లను నిలువునా కుంగదీసేది తరచుగా గడ్డ ఒక్కటే కాదు, దాని చుట్టూ చేరే నీరు, వాపు. దానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. ప్రాణం నిలుపుతుంది గాని, వారాల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు లేస్తుంది, తొడల్లో బలం పోయి కుర్చీలోంచి లేవలేరు. గోదావరిఖని నుంచి 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాద్‌కు వెళ్లివచ్చే రోగికి ఆ బలం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో సీమోన్ కిర్‌స్టె బృందం రేడియేషన్ తీసుకుంటున్న 44 మంది మెదడు క్యాన్సర్ రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు రోజుకు 4200 మిల్లీగ్రాముల అందుగ బంక సారం, రెండో జట్టుకు మందు లేని మాత్రలు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. రేడియేషన్ ముగిశాక స్కానింగులో వాపు 75 శాతానికి మించి తగ్గినవాళ్లు అందుగ జట్టులో 60 శాతం, రెండో జట్టులో 26 శాతం. ఫలితాలు 2011లో ప్రచురించారు. ఆయుష్షు పెరిగిందని వాళ్లు అనలేదు. స్టెరాయిడ్ మోతాదులోనూ గట్టి తేడా తేలలేదు. 44 మంది చాలా చిన్న సంఖ్య. అయినా సరైన పద్ధతిలో, మనుషుల మీద, ఈ జబ్బులోనే జరిగిన పరీక్షలో ఒక మొక్క నెగ్గింది. ఆ చెట్టు మన అడవిలోది, ప్రయోగం మాత్రం జర్మనీలో జరిగింది. ఇన్నేళ్లలో దీన్ని మన దగ్గర పెద్ద సంఖ్యలో రోగులతో మళ్లీ ఎందుకు చేయలేదని నాకు బాధగా ఉంటుంది. అందుకు కావలసినవి రేడియేషన్ యంత్రం, ఎంఆర్‌ఐ, సారం మాత్రలు, నిజాయితీగా రాసే రికార్డులు. హైదరాబాద్‌లో ఇవన్నీ ఉన్నాయి.

భారతదేశంలో ఈ మధ్య జరిగిన మరో ప్రయత్నం ముంబయి టాటా మెమోరియల్ సెంటర్‌ది. ద్రాక్షతొక్కలో, వేరుశనగలో ఉండే రెస్వెరట్రాల్‌ను అతి కొద్ది రాగితో కలిపి, ఆపరేషన్‌కు ముందు 10 మంది గ్లయోబ్లాస్టోమా రోగులకు దాదాపు 12 రోజులు ఇచ్చారు. మందు తీసుకోని మరో 10 మంది గడ్డలతో పోల్చితే వీళ్ల గడ్డల్లో కణాల దూకుడు తగ్గినట్టు కనిపించిందని ఇంద్రనీల్ మిత్రా బృందం 2025లో రాసింది. వార్తాపత్రికలు దీన్ని మందు దొరికినట్టే రాశాయి. పది మందిలో, పది పన్నెండు రోజుల్లో, గడ్డ ముక్కలో కనిపించిన మార్పు అది. ఆయుష్షు సంగతి ఇంకా చూడాలి.

మిగిలినవాటిలో రెండు చెప్పాలి. బ్రెజిల్‌లో క్లోవిస్ డ ఫోన్సెకా, నారింజ జాతి తొక్కల్లోనూ నిమ్మగడ్డిలోనూ ఉండే పెరిల్లిల్ ఆల్కహాల్‌ను గడ్డ మళ్లీ పెరిగిన రోగులకు ముక్కు ద్వారా పీల్పించాడు. రక్తం దారిలో గోడ ఉంటే ముక్కు దారిలో వెళ్దామన్నది ఆలోచన. అమెరికాలో దాని శుద్ధిచేసిన రూపం ట్రయల్స్‌లో ఉంది. ఇది చదివి నిమ్మగడ్డి నూనె పీల్చవద్దు. రెండోది గంజాయి. బ్రిటన్‌లో దాని సారంతో చేసిన స్ప్రేను టెమోజోలమైడ్‌తో కలిపి 21 మందిలో పరీక్షిస్తే ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 83 శాతం, స్ప్రే లేనివాళ్లలో 44 శాతం. ఇంత చిన్న గుంపులో నలుగురైదుగురి అదృష్టం కూడా శాతాలను తలకిందులు చేయగలదు. అందుకే అక్కడే పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. మన దగ్గర గంజాయి చట్టరీత్యా నేరం. వీధిలో దొరికే పొగకూ కొలత కట్టిన ఆ స్ప్రేకూ సంబంధం లేదు.

మొక్కది కదా, మేలు చేయకపోయినా కీడు చేయదు అనుకుంటాం. చేస్తుంది. 2009లో లాస్ ఏంజిలెస్ శాస్త్రవేత్తలు గ్రీన్ టీలోని ఈజీసీజీ, బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందుకు అతుక్కుని దాన్ని పనిచేయకుండా చేస్తుందని ఎలుకల్లో చూపారు. ఆ ప్రయోగం మొదలుపెట్టింది అది మందుకు తోడవుతుందేమోనన్న ఆశతో. కొన్ని మూలికలు ఫిట్స్ మందుల మోతాదును తారుమారు చేస్తాయి. టెమోజోలమైడ్ వేసుకునేవాళ్లకు రక్తకణాలు, కాలేయం పరీక్షలు చేస్తుంటారు. చెప్పకుండా తాగిన పసరు వల్ల కాలేయం దెబ్బతింటే, డాక్టరు ఆ నేరం మాత్ర మీద మోపి దాన్నే ఆపేస్తాడు. 2008లో అమెరికా వైద్య సంఘం జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 చట్టం ప్రకారం నేరం. గోడల మీద రాతలు, ఫోన్లలో వీడియోలు చూస్తే ఆ చట్టం ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఆనాడు ఆ ఇంటావిడకు నేను ఇంత చెప్పలేదు. "మొక్కల్లో మందు ఉందమ్మా, ఈ గడ్డను తగ్గించే మందు మాత్రం ఇంకా చేతికి రాలేదు. ఆస్పత్రి మానొద్దు" అన్నాను. ఆయన రేడియేషన్ పూర్తి చేసుకున్నాడు. పదకొండు నెలలు ఇంట్లో మనిషిగా, పిల్లల మధ్య ఉన్నాడు.

బొగ్గు ప్రాంతంలో ఈ జబ్బుతో ఉన్న ఏ కుటుంబమైనా ఇది చదువుతుంటే ఒక మాట. అందుగ మాత్ర కావచ్చు, పసుపు గుళిక కావచ్చు, ఎవరో ఇచ్చిన పసరు కావచ్చు, వాడుతున్నా వాడాలనుకుంటున్నా ఆ సీసాను, పొట్లాన్ని సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద పెట్టండి. దాచకండి, సిగ్గుపడకండి. కోప్పడితే కోప్పడనీయండి, మళ్లీ అడగండి. రేడియేషన్ 30 సిట్టింగుల్లో ఒక్క రోజు కూడా తప్పించకండి.